ప్రాజెక్టు డైరీ: చదరంగం చివరి గడి, దాని పక్కింటి సంఖ్య

నవంబర్ 23, ఆదివారం

పెసరట్లు తిని చేతులు కడుక్కునేలోపే మొదలైంది ఇదంతా. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. ఆ రోజుకి మా చిక్కడపల్లి అపార్ట్‌మెంట్ పిల్లలంతా కలిసి సెల్లార్‌లో ఏదో ఒకటి పెట్టాలని అనుకున్నారట. మా అమ్మడికి చదరంగం గింజల లెక్క నచ్చింది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు?

"అది పద్యంలో ఉందిగా తల్లీ" అన్నారు నాన్న, పేపర్ మడిచి పక్కన పెడుతూ. ఆయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. గొంతు సవరించుకుని చదివారు:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

ఇది పావులూరి మల్లనదిగా మనవాళ్ళు చెప్పుకునే చంపకమాల. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగులోకి తెచ్చినవాడు మల్లన. ఒక్కో మాట ఒక్కో అంకె. నాన్న చెబుతుంటే అమ్మడు కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోయింది: 18446744073709551615.

ఆ సంఖ్య కాగితం మీద పూర్తయ్యేసరికి నేను కుర్చీలోంచి లేచాను. నేను రోజూ ఆఫీసులో చూసే సంఖ్య ఇది. కంప్యూటర్ 64 బిట్లలో దాచుకోగల అతి పెద్ద పూర్ణసంఖ్య. ప్రోగ్రామ్ నడక నమోదయ్యే లాగ్‌లో ఇది కనిపించిందంటే ప్రోగ్రామ్‌లో ఎవరో సున్నాలోంచి ఒకటి తీసేశారని అర్థం. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా దీన్ని విడగొట్టి లోపల ఏముందో చూడాలనిపించలేదు. నాన్నకి ఇది పద్యంగా తెలుసు, నాకు ఎర్రర్‌గా తెలుసు.

ప్రాజెక్టు అక్కడే ఖాయమైంది. 64 గళ్ళ చార్టు ఒకటి తయారుచేయాలి. ప్రతి గడిలో అప్పటిదాకా పోగైన మొత్తం గింజల సంఖ్య, దాని కింద దాని ప్రధాన కారణాంకాలు ఉండాలి. షరతు ఒక్కటే, అదీ నాన్న పెట్టారు: చార్టు మీదికి ఎక్కే ప్రతి సంఖ్యనీ ఎవరో ఒకరు కాగితం మీద ఏదో ఒక పరీక్ష చేసి ఉండాలి. కంప్యూటర్ చెప్పింది కదా అని రాసేయకూడదు.

బియ్యం బరువు ఎన్ని టన్నులు, ఎన్నేళ్ళ పంట అనే లెక్క జోలికి మేం పోలేదు. అది అందరూ చేసేదే. మాకు కావలసింది సంఖ్య లోపలి సంగతి.

నవంబర్ 25, మంగళవారం

రాత్రి తొమ్మిదికి ఇంటికి వచ్చేసరికి అమ్మడు నా లాప్‌టాప్ ముందు ముఖం ముడుచుకుని కూర్చుంది. స్ప్రెడ్‌షీట్‌లో పై గడిని రెండుతో గుణిస్తూ కిందికి లాగింది. 50వ గడి దాకా సవ్యంగానే వచ్చింది: 562949953421312. ఆ తర్వాతి గడిలో 1125899906842620 అని ఉంది.

"రెండుని రెండుతో గుణిస్తూ పోతే చివర సున్నా ఎలా వస్తుంది మామయ్యా? 2, 4, 8, 6, మళ్ళీ 2... ఇంతేగా?"

నేను చెప్పకుండానే పట్టుకుంది! స్ప్రెడ్‌షీట్ 15 అంకెల దాకానే నికరంగా చూపిస్తుంది, ఆ పైన మిగిలినవి సున్నాలు చేసేస్తుంది. అసలు రావలసింది 1125899906842624. చివరి గడికి వచ్చేసరికి మొత్తం 18446744073709600000 అని చూపించింది. చూడటానికి దగ్గరగానే ఉంది, కానీ కారణాంకాల పనికి అది పూర్తిగా వేరే సంఖ్య. లక్షతో నిశ్శేషంగా భాగమవుతుంది. మన సంఖ్య బేసి సంఖ్య.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణసంఖ్యలకి ఆ బాధ లేదు, ఎన్ని అంకెలైనా అలాగే ఉంచుతుంది. అయినా నాన్న షరతు ప్రకారం అమ్మడు నోటు పుస్తకంలో పెన్సిల్‌తో 64 రెట్టింపులూ వేసింది. రెండు పేజీలు పట్టింది. పద్యంతో పోల్చి చూశాం. తేడా రాలేదు.

పద్యంలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి. ఒకట్ల స్థానం ముందు వస్తుంది కాబట్టి మొదటి మాట "శర" అనగానే, అంటే మన్మథుడి అయిదు బాణాలు అనగానే, సంఖ్య 5తో భాగమవుతుందని తేలిపోయింది. మిగిలిన 19 మాటలు వినక్కర్లేదు. అంకెలన్నీ కూడితే 87. అది 3తో పోతుంది, 9తో పోదు. కాబట్టి 3 ఒక్కసారే కారణాంకం. మొదటి రోజే రెండు కారణాంకాలు చేతికొచ్చాయి.

నవంబర్ 29, శనివారం

చివరి గడిని పగలగొట్టాం. చెప్పాలంటే అదే విడిపోయింది.

చివరి గడి దాకా మొత్తం 2⁶⁴ − 1. ఇది ఒక వర్గంలోంచి ఒకటి తీసేసినది. ఎనిమిదో తరగతిలో చదివిన a² − b² సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది: (2³² − 1)(2³² + 1). ఎడమ వైపుది మళ్ళీ అదే రూపంలో ఉంది, మళ్ళీ విడగొట్టొచ్చు. అలా దిగుతూ వస్తే:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇరవై అంకెల సంఖ్య అయిదు నిమిషాల్లో ఆరు ముక్కలైంది. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. 257కి 13 దాకా చూస్తే చాలు. 65537కి మాత్రం 256 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 54. అమ్మడు సాయంత్రమంతా కూర్చుని చేసింది.

ఈ సంఖ్యల వరస ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడిది. రెండుని వర్గం చేస్తూ పోయి ఒకటి కలిపితే వచ్చేవి: 3, 5, 17, 257, 65537. ఇవన్నీ ప్రధాన సంఖ్యలు కాబట్టి ఆ పైవి కూడా ప్రధాన సంఖ్యలేనని 1640లో ఆయన అనుకున్నాడు. ఆరో సంఖ్య దగ్గరే, అంటే మా 4294967297 దగ్గరే, అది తప్పని తేలింది. తేల్చింది ఆయిలర్, 1732లో. దాన్ని మేమెలా తేల్చాలన్నదే ఇప్పుడు పని.

డిసెంబర్ 3, బుధవారం

పరేడ్ గ్రౌండ్స్‌లో రైలు మారేటప్పుడు సీటు దొరికితే మాదాపూర్ దాకా అరగంట నాదే. ఈ వారం ఆ అరగంటలన్నీ 641కే పోయాయి.

ఆయిలర్ కనిపెట్టిన కారణాంకం 641. గూగుల్‌లో ఒక్క నిమిషంలో దొరుకుతుంది. భాగించి చూస్తే సరిగ్గా పోతుంది: 641 × 6700417. కానీ అదెలా తట్టాలి మనిషికి? 3 నుంచి మొదలుపెట్టి ప్రధాన సంఖ్యలతో వరసగా భాగిస్తే 641 వచ్చేది 115వది. ఆయిలర్ అలా చేయలేదు.

నాన్నకి గడియారంతో చెప్పాను. ఒక ప్రధాన సంఖ్య p మన 2³² + 1ని భాగిస్తుందనుకోండి. అంటే p లెక్కన, గడియారంలో 12 దాటితే మళ్ళీ 1 అయినట్టు pతో భాగించి శేషమే చూస్తే, 2³² విలువ −1. దాన్ని వర్గం చేస్తే 2⁶⁴ విలువ 1. కాబట్టి 1 దగ్గర మొదలుపెట్టి రెండుతో గుణిస్తూ తిరిగితే సరిగ్గా 64 అడుగులకి మళ్ళీ 1 దగ్గరికి వస్తాం, అంతకు ముందు రాం. ఏ p తీసుకున్నా ఆ చుట్టు పొడవు p − 1ని భాగించి తీరాలి. అంటే p అన్నది 64k + 1 రూపంలోనే ఉండాలి. తర్వాత లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు దీన్ని ఇంకా బిగించాడు: 128k + 1.

ఇప్పుడు వెతుకులాట చూడండి. 129 అంటే 3 × 43, వద్దు. 257 ప్రధాన సంఖ్యే, భాగించి చూశాం, 2 మిగిలింది. 385 అయిదుతో పోతుంది, వద్దు. 513 మూడుతో పోతుంది, వద్దు. 641. అంతే! నిజంగా భాగించి చూడాల్సినవి రెండే రెండు సంఖ్యలు. వాటిలో రెండోదే జవాబు.

భాగహారం కూడా అక్కర్లేని దారి ఒకటుంది, ఇది నాకు ప్రాణం. 641ని రెండు రకాలుగా రాయొచ్చు: 640 + 1, అంటే 5 × 2⁷ + 1. ఇంకోటి 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటిదాన్ని బట్టి 641 లెక్కన 5 × 2⁷ విలువ −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ విలువ 1. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³² విలువ 1. అంటే 2³² + 1 విలువ సున్నా. పదంకెల సంఖ్యని ముట్టుకోకుండానే పని అయిపోయింది.

నాన్న దీన్ని కాగితం మీద మూడుసార్లు రాసుకున్నారు. "రెండు పాదాలు రాస్తే చాలు, పద్యం దానంతటదే పూర్తయినట్టుందిరా" అన్నారు.

డిసెంబర్ 6, 7

శనివారం చార్టు పని. రెండు తెల్ల చార్టులు వెనక నుంచి అతికించి 64 సెంటీమీటర్ల చదరం గీశాం. ఒక్కో గడి 8 సెంటీమీటర్లు. ఇరవై అంకెలు ఒక గడిలో పట్టాలంటే సన్న మొన స్కెచ్ పెన్ కావాలి.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర పాత లాగరిథమ్ పట్టికల పుస్తకం దొరికింది. బేరం లేకుండా ఇరవై రూపాయలు. అమ్మడు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. log 2 విలువ 0.3010, దాన్ని 64తో గుణిస్తే 19.264, కాబట్టి ఇరవై అంకెలు. రెట్టింపులు వేయకుండానే అంకెల లెక్క ఎలా తెలిసిందని ఇరానీ చాయ్ చల్లారేదాకా అడిగింది.

ఇంటికొచ్చాక కాగితం చీటీల పని. చివరి గడి సంఖ్యకి ఇప్పుడు ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాలేదు. ఏడు చీటీల మీద ఏడూ రాసి, ఒక్కో చీటీని తీసుకోవాలా వద్దా అని చూస్తూ పోతే ఒక్కో భాజకం వస్తుంది. మొత్తం 2⁷, అంటే 128 భాజకాలు. "ఎనిమిదో గడిలో పెట్టే గింజలు కూడా 128 కదా" అని చార్టు మీద ఒక గీత గీసింది అమ్మడు. నేను చెప్పింది కాదు, తనే చూసింది.

641, 6700417 చీటీలు పక్కన పెట్టి మిగతా అయిదింటినే గుణిస్తే, అంటే 3, 5, 17, 257, 65537, వచ్చేది 4294967295. అది సరిగ్గా సగం బోర్డు నిండేసరికి పోగైన మొత్తం, 32వ గడి. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగల క్రమ బహుభుజుల్లో, భుజాల సంఖ్య బేసిగా ఉన్నవాటిలో మనకు తెలిసిన అతి పెద్దది కూడా ఇన్ని భుజాలదే. 17 భుజాలది గీయొచ్చని గౌస్ 1796లో చూపించాడు.

డిసెంబర్ 10, బుధవారం

మధ్య గళ్ళ సంగతి. గడి నంబరు విడిపోతే దాని మొత్తం కూడా విడిపోతుంది. ఆరో గడి దాకా 63 గింజలు, అది 3తోనూ పోతుంది, 7తోనూ పోతుంది, ఎందుకంటే 6ని 2, 3 భాగిస్తాయి. కాబట్టి గడి నంబరు ప్రధాన సంఖ్య అయితేనే మొత్తం కూడా ప్రధాన సంఖ్య అయ్యే అవకాశం ఉంది. 64 లోపు అలాంటి గళ్ళు 18. వాటిలో మొత్తం నిజంగా ప్రధాన సంఖ్య అయ్యేవి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. తొమ్మిది. సరిగ్గా సగం. వాటికి పసుపు రంగు వేశాం.

61వ గడి గురించి ఒక మాట. ఇలాంటి నంబర్లకి మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో ఇచ్చిన జాబితాలో 61 లేదు. బోర్డు అవతల ఉన్న 67 ఉంది, అది తప్పు. 2⁶¹ − 1 ప్రధాన సంఖ్యేనని 1883లో రష్యాలో పెర్వుషిన్ అనే చర్చి ఫాదర్ చూపించాడు. పంతొమ్మిది అంకెల సంఖ్య, కంప్యూటర్ లేదు, క్యాలిక్యులేటర్ లేదు.

అలాంటి గళ్ళకి ఇప్పుడు వాడే పరీక్ష లూకా, లేమర్‌లది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేయాలి, ఆ వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. గడి నంబరులోంచి 2 తీసేస్తే ఎంతో అన్నిసార్లు చేయాలి. చివరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య. ఏడో గడి 127 మీద నాన్న చేసి చూశారు: 4, 14, 67, 42, 111, 0. ఆ సున్నా రాగానే పెన్ను కింద పెట్టి నవ్వారు. 61కి ఇదే పని 59 సార్లు, ప్రతిసారీ పంతొమ్మిదేసి అంకెలు. అది మాత్రం పైథాన్‌కి వదిలేయడానికి ఒప్పుకున్నారు.

డిసెంబర్ 13, శనివారం

అసలు ఇబ్బంది ఇవాళ మొదలైంది. అమ్మడు అడిగింది: "గింజలు ఇంకో రెండు ఎక్కువుంటే?"

అంటే 18446744073709551617. అది 2⁶⁴ + 1, ఫెర్మా వరసలో తర్వాతి సంఖ్య. బోర్డు మీది చివరి సంఖ్యకి పక్కింటిది. కానీ స్వభావం పూర్తిగా వేరు. పాత ఏడు చీటీలూ దీని ముందు పనికిరావు: అవన్నీ 615తో ముగిసేదాన్ని భాగిస్తాయి కాబట్టి 617తో ముగిసేదాన్ని భాగిస్తే ప్రతిదానికీ 2 మిగులుతుంది. a² − b² సూత్రమూ పనిచేయదు, ఇక్కడున్నది కూడిక. ఆఫీసు సంగతి కూడా చెప్పాలి: ఇది 64 బిట్లలో పట్టదు, 65 కావాలి.

మిగిలిన ఆయుధం గడియారం ఒక్కటే. లూకా బిగింపు ప్రకారం దీని కారణాంకాలు 256k + 1 రూపంలో ఉండాలి. ప్రధాన సంఖ్యలు మాత్రమే తీసుకుంటే 257, 769, 3329, 7681, 7937... 257 పాత చీటీ, పోయింది. 769ని నాన్న పట్టారు. 2¹⁶ అంటే 65536, దాన్ని 769తో భాగిస్తే 171 మిగులుతుంది. 171 వర్గం 29241, మిగిలేది 19. 19 వర్గం 361, ఒకటి కలిపితే 362. సున్నా కాదు, కాబట్టి 769 కాదు. ఒక్కో సంఖ్యకి రెండు వర్గాలు, రెండు మూడు భాగహారాలు. ఇరవై అంకెల సంఖ్యని ఎక్కడా ముట్టుకోనక్కర్లేదు.

ఈ పద్ధతిలో నాన్న 7937 దాకా వచ్చారు. రాత్రి పదిన్నరైంది. "ఇక చాలు నాన్నా" అన్నాను. మిగతావి పైథాన్‌కి ఇచ్చాను. ఎంటర్ నొక్కిన వేలు తీసేలోపే ఆగింది. k = 1071. సంఖ్య 274177.

నాన్న ఆ సంఖ్యని చీటీ మీద రాసుకుని పడుకోవడానికి వెళ్ళారు.

డిసెంబర్ 14, ఆదివారం

పొద్దున్నే ఆరింటికి హాల్లో లైటు వెలుగుతోంది. నాన్న లేచి కూర్చున్నారు, ముందు నిన్నటి చీటీ. ఆయన రాసిన పేజీ ఇది, ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

65536 వర్గం 4294967296. దాన్ని 274177తో భాగించారు. 15664 సార్లు పోయి 258768 మిగిలింది. ఇంకోసారి తీసేస్తే కొంచెం ఎక్కువవుతుంది, 15409 తక్కువ పడుతుంది. కాబట్టి శేషాన్ని −15409 అనుకున్నారు. మళ్ళీ వర్గం చేయాలంటే ఆరంకెల దానికన్నా అయిదంకెలది సుళువు, పైగా వర్గంలో మైనస్ ఎలాగూ పోతుంది. ఇది ఆయనకు ఎవరూ చెప్పలేదు. 15409 వర్గం 237437281. ఒకటి కలిపితే 237437282. దాన్ని 274177తో భాగిస్తే సరిగ్గా 866. శేషం లేదు.

866 కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఆ పేజీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నిన్న కంప్యూటర్ చెప్పినప్పుడు నాకు సంఖ్య తెలిసింది. ఈ పేజీ చూశాకే అది నిజమని నాకు ఒంటికి తగిలింది. వర్గాలు రెండు, భాగహారాలు రెండు, ఎనభై దగ్గర పడ్డ మనిషి, ఒక బాల్‌పెన్.

ఈ సంఖ్యని 1880లో విడగొట్టి చూపించిన ఫ్రెంచి ఆయన లాండ్రీకి అప్పుడు 82 ఏళ్ళు. అంతకు ముందు 1855లోనే క్లాసెన్ ఇదే సంగతి గౌస్‌కి ఉత్తరంలో రాశాడని చాలాకాలం తర్వాత బయటపడింది. లాండ్రీ వయసు చెబితే నాన్న ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్కతో ఫోన్‌లో మాత్రం రెండుసార్లు చెప్పారు.

డిసెంబర్ 16, మంగళవారం

రెండో ముక్క 67280421310721. ఇది ఇంకా విడుతుందా? దీనికి ఏ కారణాంకం ఉన్నా అది అసలు సంఖ్యకి కూడా కారణాంకమే కాబట్టి అదే 256k + 1 రూపం. దీని వర్గమూలం 82 లక్షల పైచిలుకు. అంటే k 32040 దాకా చూస్తే చాలు, అందులో 1071 లోపువి ముందే అయిపోయాయి. దాదాపు 31 వేల సంఖ్యలు, ప్రోగ్రామ్‌కి ఒక్క రెప్పపాటు. ఒక్కటీ దొరకలేదు. ప్రధాన సంఖ్యే.

గుణకారం సరిచూసుకోవడానికి అమ్మడు తొమ్మిదుల పరీక్ష చేసింది. 274177 అంకెల మొత్తం చివరికి 1, పెద్దదానిది 8, గుణిస్తే 8. అసలు సంఖ్యది 89, అది 17, అది 8. సరిపోయింది.

డిసెంబర్ 18, గురువారం

తొమ్మిదుల పరీక్షని నమ్ముకుని ఉంటే ఇవాళ తప్పు చార్టు తగిలించేవాళ్ళం.

59వ గడి మొత్తం 576460752303423487. దాని కారణాంకాలు 179951, 3203431780337. చార్టు మీద 179591 అని పడింది. 9, 5 తారుమారు. తొమ్మిదుల పరీక్షకి ఇది కనిపించదు, అంకెలు అవే కాబట్టి మొత్తం మారదు. పదకొండుల పరీక్షకి దొరికింది: కుడి నుంచి ఒక అంకె కలుపుతూ ఒకటి తీసేస్తూ పోవాలి. రెండుని గుణిస్తూ పోతే 11తో భాగించినప్పుడు శేషాలు పదేసి అడుగులకి తిరిగొస్తాయి కాబట్టి, 2⁵⁹కి బదులు 2⁹ చూస్తే చాలు. 512లో మిగిలేది 6, ఒకటి తీసేస్తే 5. రాసిన అంకెలతో గుణిస్తే మాత్రం 7 వచ్చింది. అమ్మడికి ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే గడి చుట్టూ అంచు డిజైన్ కూడా వేసేసింది. తెల్ల కాగితం ముక్క అతికించి మళ్ళీ రాశాం. ఆ తర్వాత 64 గళ్ళకీ రెండు పరీక్షలూ చేశాం. ఇంకే తప్పూ దొరకలేదు.

డిసెంబర్ 20, శనివారం

పక్కింటి సంఖ్యకి బోర్డులో చోటు లేదు. 64వ గడి పక్కన, బోర్డు బయటికి ఒక పట్టీ అతికించాం. ఫెర్మా వరసలో ఆ తర్వాతిది, 2¹²⁸ + 1, కూడా చూద్దామా అంది అమ్మడు. 39 అంకెలు. మా పద్ధతికి అందదు. దాని చిన్న కారణాంకం 59649589127497217, అక్కడిదాకా 512k + 1 అంటూ ఒక్కోటి చూస్తూ పోతే k 116 లక్షల కోట్లు దాటాలి. సెకనుకి పది లక్షలు చూసినా మూడున్నరేళ్ళ పైన. దాన్ని 1970లో మోరిసన్, బ్రిల్‌హార్ట్ అవిరామ భిన్నాల పద్ధతిలో విడగొట్టారు. ఆ పద్ధతి నేను నేర్చుకోవాలి. ఈ నెలలో అయ్యే పని కాదు.

డిసెంబర్ 21, ఆదివారం

రేపే ప్రదర్శన. చార్టు అడుగున నాన్న తన చేత్తో పద్యం రాశారు, ప్రతి మాట కింద దాని అంకె. పని అయిపోయిందనుకుని నేను టేపు వెతుకుతున్నాను.

"పట్టీకి పద్యం వద్దూ?" అన్నారు.

615కి, 617కి తేడా ఒక్క చివరి అంకె. పద్యంలో అది మొదటి మాట. "శర" తీసేసి ఏడుని చెప్పే రెండు లఘువుల మాట పెట్టాలి. నేను "గిరి" అన్నాను. నాన్న తల అడ్డంగా ఊపారు. గణం సరిపోయింది, ప్రాస రకారమూ నిలిచింది, కానీ యతి పోయింది. పాదంలో పదకొండో అక్షరం "సాయక"లోని "సా". దానితో "గి" కలవదు. "నగ" అంటే యతీ పోతుంది, ప్రాసా పోతుంది.

స్కెచ్ పెన్ మూత తీసి, పెట్టి, తీసి, కాసేపు కూర్చున్నారు. అమ్మడు హార్మోనియం క్లాసుకి టైమవుతోందని పుస్తకం సర్దుకుంటోంది. దాని వైపు చూశారు. పట్టీ ముందుకి లాక్కుని రాశారు:

స్వర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ...

స్వరాలు ఏడు. రెండూ లఘువులే. రెండో అక్షరం రకారం, "స్వ"కి "సా"తో యతి. మిగిలిన పంతొమ్మిది మాటల్లో ఒక్కటీ కదలలేదు. దాని కింద నేను 274177 × 67280421310721 అని రాశాను. అమ్మడు పట్టీ నాలుగు మూలలా టేపు వేసి క్లాసుకి వెళ్ళింది.